గడ్డి మీద పడుకోబెట్టిన బండి

మా మేనమామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో మా బడిలో ఉన్నాను. కోదాడ నుంచి పెద్ద బావ, అంటే మామ పెద్ద కొడుకు, ఫోను చేశాడు. పొద్దున చాయ్ తాగి వాకిట్లో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడని చెప్పి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు ఇంకా ఆగకముందే తను గొంతు సర్దుకుని, "నీ దగ్గర నాయిన ఫొటోలు ఉంటయ్ గద. నవ్వేది ఒకటి పంపు. ఫ్లెక్సీ కొట్టియ్యాలె," అన్నాడు.

పంపాను. ఎక్కువ వెతకాల్సిన పని లేకపోయింది. ఫొటో అనగానే మొహం బిగించుకునే మనిషి మా మామ. నవ్వుతూ దొరికింది ఒకే ఒకసారి. ఆ ఒక్క ఫొటోనూ నేనెక్కిన బస్సు నేరేడుచర్ల దాటకముందే పంపేశాను. దాన్ని వాళ్ళేం చేశారో కూడా చెబుతాను. మామ గురించి నాలుగు మంచి మాటలు రాయమని అడిగినవాళ్ళు ఏమీ అనుకోవద్దు. మంచి మాటలు చాలానే ఉన్నాయి. కానీ రాద్దామని కూర్చుంటే వాటికంటే ముందు కోపం వస్తోంది.

మామ సాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఉద్యోగమంతా హాలియా నుంచి కోదాడ దాకా కాలువ కట్టల మీదే గడిచింది. ఎక్కడ గండి పడింది, ఏ తూము దగ్గర రైతులు కొట్లాడుకుంటున్నారు, ఏ చివరి పొలానికి నీళ్ళు అందలేదు, ఇవన్నీ చూసుకుంటూ ఒక పాత బండి మీద తిరిగేవాడు. మనిషి పొట్టి. ప్యాంటు అంచు చైనులో పడకుండా బట్టలారేసే క్లిప్పు పెట్టుకునేవాడు. ఎదుటివాడు మాట పూర్తి చేయకముందే జవాబు చెప్పేసేవాడు. చాయ్ చెప్పి, మాటల్లో పడి చల్లారబెట్టి, హోటలాయన మీద విసుక్కుని ఇంకొకటి చెప్పేవాడు. ఎక్కడ ఆగినా బండిని వెళ్ళాల్సిన దిక్కుకు తిప్పి ఆపేవాడు. గండి పడ్డప్పుడు బండి తిప్పుకునే టైము ఉండదన్నది ఆయన లెక్క. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే పెళ్ళిళ్ళకు వచ్చినా అట్లాగే ఆపేవాడు. వచ్చీ రాగానే పోయే తొందరేమిటని మా అమ్మ దెప్పేది.

ఆయనకు ఒక్క కోరిక ఉండేది. చిన్నప్పటి నుంచి నాకు చెబుతూ వచ్చాడు. "నేను వదిలిన నీళ్ళు యాడికి పోతయో నాకెరుకే బిడ్డా. యాడికెళ్లి వస్తయో సూడలే." సాగర్ డ్యాము దాటి పైకి ఆయన ఎన్నడూ పోలేదు. రిటైరయ్యాక కోదాడలో బండి స్టార్టు చేసి, కాలువ కట్ట పొంట సాగర్ దాకా, అక్కడి నుంచి కృష్ణ ఒడ్డు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు ఒడ్డు మీదే, ఒప్పుకోని చోట రోడ్డెక్కి, జూరాల, ఆలమట్టి మీదుగా నది పుట్టే కొండల దాకా పోవాలి. పాత బండి అంత దూరం పోలేదు. హైవే మీద రోజంతా నడిచినా అలసిపోనిది, దిగి మట్టిలో, రాళ్ళలో పడ్డా ఇబ్బంది పెట్టనిది కావాలి. షోరూముల్లో వాటికి ఏవో ఇంగ్లీషు పేర్లున్నాయి. మామ "రెండు తీర్ల బండి" అనేవాడు.

రిటైర్మెంటుకు చాలా ముందే వెతకడం మొదలుపెట్టాడు. కనపడ్డ ప్రతి బండి ముందు చక్రం పైనున్న ఫోర్కునూ రెండు చేతులతో కిందికి నొక్కి, అది ఎంత దిగుతోంది, ఎట్లా లేస్తోంది అని చూసేవాడు. అది ఎవరి బండి అన్న పట్టింపు లేదు. బ్యాంకు ముందు, దవాఖాన ముందు, ఒకసారి చావింటి ముందు కూడా ఆ పని చేసి తిట్లు తిన్నాడు.

సూర్యాపేట షోరూములకు నన్ను తోడు తీసుకుపోయేవాడు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నేను నవ్వనని. నిజానికి నేనూ నవ్వేదాన్ని, కాకపోతే ఆయన వెనక. ఈ తీరు బండ్లు ఎత్తుగా ఉంటాయి. మామ ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ళూ గాలిలో ఉండేవి. సేల్స్ పిల్లలు స్ప్రింగులు దించి ఎత్తు తగ్గిస్తామనేవాళ్ళు. మామ ఒప్పుకునేవాడు కాదు. అట్లా దించితే బండి పొట్ట నేలకు దగ్గరై రాళ్ళకు తగులుతుందని, కావాలంటే సీటులో స్పాంజి కోయించుకుంటానని అనేవాడు. ఒక పిరుదు జరిపి, ఒక్క కాలు మాత్రం నేలకు ఆనించి బండిని నిలబెట్టడం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ముందు చక్రం పెద్దగా ఉండాలి, స్పోకులే ఉండాలి, చిన్న ఊళ్ళో కూడా మెకానిక్కు విప్పగలిగేలా ఉండాలి. ట్యూబు లేని టైర్లు మాత్రం దండగ అని వాదించేవాడు. అందులో ఆయనదే తప్పని తరువాత తేలింది. అయినా ఒప్పుకోలేదు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష వేరే. ఒక షోరూములో, నచ్చిన బండిని కింద పడుకోబెట్టమని అడిగాడు. పడుకోబెడితే తాను లేపి చూస్తానన్నాడు. సేల్స్ అబ్బాయి తమాషా అనుకుని నవ్వాడు, తరువాత మేనేజరును పిలిచాడు. కొత్త బండిని కింద పడేయమని అడిగిన మనిషిని ఆ మేనేజరు అంతకుముందు చూసి ఉండడు. మమ్మల్ని మర్యాదగానే బయటికి పంపాడు. మెట్లు దిగుతూ మామ ఆ రోజు నాతో అన్న మాట బాగా గుర్తుంది. "కట్ట మీద ఒక్కణ్నే పోతుంటె బండి ఎన్నటికైన పడుతది. లేపనొస్తదా రాదా, గంతే సూడాలె. మిగిలినయన్ని తర్వాత."

మా ఇంటి పై వాటాలో మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఒకాయన కిరాయికి ఉంటాడు. ఆయన దగ్గర ఈ రకం బండి ఒకటి ఉండేది. సన్నగా, ఎత్తుగా, తేలిగ్గా ఉంటుంది. మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాని ఫోర్కు నొక్కేవాడు, ఒకరోజు దొరికిపోయాడు. గొడవవుతుందనుకుంటే ఇద్దరూ దోస్తులయ్యారు. ఒక ఆదివారం ముగ్గురం కాలువ కట్ట మీదికి పోయాము. మామ పక్క పొలం రైతును అడిగి రెండు మోపుల వరిగడ్డి తెచ్చి, కట్ట మీద మందంగా పరిచాడు. గీతలు పడకుండా బండిని దాని మీద నెమ్మదిగా పడుకోబెట్టాడు. తరువాత బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టుకుని, కాళ్ళతో తన్ని వెనక్కి వెనక్కి అడుగులేస్తూ లేపాడు. మొదటిసారి సగం లేచి పడింది. రెండోసారి నిలబడింది. ఒంటినిండా గడ్డి పోచలతో, చెమటతో, బండిని పట్టుకుని నా వైపు తిరిగి నవ్వాడు. నేను తీసిన ఫొటో అదే.

తిరిగి వస్తూ నేరేడుచర్లలో చాయ్ తాగాము. ఆ రోజు మాత్రం చల్లారకముందే తాగాడు. ఇదే బండి, ఇదే రంగు, రిటైరైన వారం బుక్ చేస్తానన్నాడు.

పెద్ద బావకు కోదాడలో ఎరువుల దుకాణం ఉంది. రిటైర్మెంటు దగ్గర పడ్డాక నాకు ఫోను చేసి, నాయిన ఏ బండి అనుకుంటున్నాడని అడిగాడు. పేరుతో సహా చెప్పాను. ఎందుకు అదే కావాలో, బరువు, ఎత్తు, గడ్డి మీద లేపి చూడడం, అన్నీ వివరంగా చెప్పాను. తను అంతా విన్నాడు. ఆ బండి బక్కగా ఉందని, సన్మానంలో అది నిలబెడితే నలుగురూ నవ్వుతారని, అయినా నాయిన పొట్టికి అంత ఎత్తు బండి ప్రమాదమని అన్నాడు. నేను వాదించాను. సరే చూద్దాంలే అని ఫోను పెట్టేశాడు.

ఫంక్షన్ హాల్లో సన్మానం. శాలువాలు, పూలదండలు, మైకు. స్టేజీ పక్కన గులాబీ గుడ్డ కప్పి ఏదో నిలబెట్టారు. ఆకారం చూసే అది మామ కోరిన బండి కాదని నాకు తెలిసిపోయింది. గుడ్డ లాగారు. నల్లగా, మెరుస్తూ, పొట్ట నేలకు జారిన పెద్ద రోడ్డు బండి. డుగ్గుడుగ్గు మంటుంటే ఊరంతా తిరిగి చూసే రకం. మా నాయినకు ఇష్టమైన బండి అని బావ మైకులో చెప్పాడు. అత్త కొబ్బరికాయ కొట్టింది. మామ స్టేజీ దిగి వచ్చి, అలవాటు ప్రకారం రెండు చేతులతో ఫోర్కు నొక్కాడు. అది పెద్దగా దిగలేదు. ఆయన తలెత్తి, అంత జనంలోనూ నన్ను వెతికి చూశాడు.

ఎక్కించి కూర్చోబెట్టారు. రెండు పాదాలూ నేలకు చక్కగా ఆనాయి. చూశారా ఎంత బాగా సరిపోయిందో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు.

ఆ తరువాత ఆయన ఎంచుకున్న బండి మాట ఎత్తడానికే లేకుండా పోయింది. ఇంట్లో బండి ఉండగా ఇంకో బండి ఏమిటని అత్త అనేది. ఆమె మాటలోనూ తప్పు పట్టలేము. నేను మాత్రం ఊరుకోలేదు. ఇది నీకు పనికిరాదని బావకు చెప్పెయ్యి, మార్చుకుందాం అన్నాను. "ఎట్ల చెప్పాలె బిడ్డా," అన్నాడు మామ. "నలుగుర్ల ఇచ్చిండు. ఇప్పుడు వద్దంటె వాని మొకం ఎట్లయితది?" తూము దగ్గర కర్రలు పట్టుకున్న రైతుల మధ్యకు ఒంటరిగా పోయి గద్దించిన మనిషి, కన్నకొడుకుకు ఒక్క మాట చెప్పలేకపోయాడు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఉంది, ఏం చేయను.

కొన్నాళ్ళు ఆ బండి మీద రోడ్డు పట్టుకుని సూర్యాపేట మార్కెట్టుకూ, మా ఇంటికీ వచ్చాడు. ఆ వానాకాలం కాలువకు నీళ్ళు వదిలినప్పుడు ఇక ఆగలేకపోయాడు. నది పుట్టే చోటి దాకా కాకున్నా కనీసం సాగర్ దాకా కట్ట పొంట పోయి చూస్తానని, ఇంట్లో హాలియాలో పని ఉందని చెప్పి బయలుదేరాడు. నేరేడుచర్ల ఇవతల కట్ట మీద నల్లరేగడి. వాన పడి ఉంది. మట్టి చక్రాలకు, మడ్గార్డులకు మధ్య మెత్తుకుని చక్రం తిరగడం మానేసింది. బలంగా ముందుకు తీయబోతే కింద రాయి తగిలింది. బండి పక్కకు ఒరిగి ఆయన కాలు మీద పడింది.

లేపడానికి చూశాడట. వీపు ఆనించడానికి కూడా వీలులేకుండా ఇరుక్కున్నాడు. నాట్లకు పోతున్న ఆడవాళ్ళు చూసి, నారు కట్టలు పక్కన పడేసి, అందరూ కలిసి బండిని ఎత్తి ఆయనను బయటికి లాగారు. వాళ్ళు మోకాళ్ళ దాకా బురదలో నిలబడి తిట్టిన తిట్లు దవాఖానలో నాకు చెప్పి నవ్వాడు.

సూర్యాపేటలో కాలికి రాడ్డు వేశారు. రోడ్డు మీద నడపమంటే కట్ట మీదికి పోయాడని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. వాళ్ళు బయటికి పోయాక నేను మామ దగ్గర కూర్చుని, ఇప్పుడైనా చెబుతావా అన్నాను. ఆయన కళ్ళు మూసుకునే, "బండిదేం తప్పు లేదు బిడ్డా. అది రోడ్డు కోసం చేసిన బండి. గాడికి తీస్కపోయింది నేను," అన్నాడు.

కాలు కూడుకుంది కానీ మోకాలు పూర్తిగా వంగలేదు. బండిని బావ ఇంటికి చేర్చి, వాకిట్లో గోడకు మొహం పెట్టి ఆపి, కవరు కప్పాడు. తాళం చెవి దుకాణానికి తీసుకుపోయాడు. నాయిన మళ్ళీ పడకూడదన్న ప్రేమతోనే, అది నాకు తెలుసు. ఒకరోజు నేను పోయినప్పుడు మామ చేతికర్ర పక్కన పెట్టి, జర ఈ బండిని తిప్పుదాం పట్టు అన్నాడు. నడపడానికి కాదు, వాకిలి వైపు తిప్పి పెట్టడానికి. ఇద్దరం కలిసి నెట్టాము. సగం తిరిగి అడ్డంగా ఆగిపోయింది, ఇంకా కదలలేదు. మామ ఆయాసపడుతూ కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం బావ వచ్చి, వాకిట్లో అడ్డంగా ఎవరు పెట్టారని విసుక్కుంటూ మళ్ళీ గోడకు తిప్పేశాడు. మామ పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు.

మా ఇంటి పైన ఉండే ఆయన మాత్రం పోయి వచ్చాడు. మామ వేసుకున్న దారినే, మామ లేపిన ఆ బండి మీదే. నది పుట్టేచోట గుడిలో, రాతి ఆవు నోట్లోంచి నీళ్ళు పడుతున్న ఫొటో తెచ్చి చూపించాడు. సన్నటి ధార. మామ ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. నీళ్ళ గురించి ఒక్క మాట అడగలేదు. రోడ్డెట్లున్నది, ఆఖరుకు మట్టి తొవ్వ ఉన్నదా అని అడిగాడు. గుడి దాకా తారు రోడ్డేనని, బస్సులు కూడా వస్తాయని ఆయన చెప్పాడు. పక్కనే ఉన్న బావ వెంటనే, అట్లాగైతే కారులో తీసుకుపోతానన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. మామ ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "రోడ్డు మీద పోతె నీళ్ళ పొంట పోయినట్టు కాదు గద," అన్నాడు. ఆ తరువాత ఆ ఊసు ఎత్తలేదు.

ఇక ఫ్లెక్సీ. నేను బస్సు దిగి ఆటోలో వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికే కట్టేశారు. మనిషికి రెండింతల ఎత్తు. ఆ నల్ల బండి మీద మామ. సన్మానం నాటి ఫొటోలోంచి బండినీ ఒంటినీ తీసుకున్నారు, శాలువాతో సహా. అందులో మొహం ముడుచుకుని ఉందని తలను మాత్రం నేను పంపిన ఫొటోలోంచి కోసి అతికించారు. మెడ దగ్గర రంగు తేడాగా ఉంది. చెవి పక్కన ఒక గడ్డి పోచ కూడా తెగకుండా వచ్చేసింది. బక్క బండిని గడ్డి మీంచి లేపి నవ్విన నవ్వును తెచ్చి, ఆయన కాలు విరిచిన బండి మీద కూర్చోబెట్టారు. శవం లోపల ఉంది. నేను ఫ్లెక్సీ ముందు నిలబడి ఏడుస్తుంటే మామ మీద ఎంత ప్రేమో అని ఎవరో భుజం పట్టుకున్నారు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక బావను అడిగాను. "ఆ బండి మీదనే ఎందుకు పెట్టినవ్ బావా?"

"నాయినకు బండంటె పానం గద," అన్నాడు. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

చెప్పాను. ఆయన కోరింది ఆ బండి కాదని, నాడు ఫోన్లో చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఇది ఇంట్లోకి రావడం వల్లే అది రాలేదని, నీ మొహం చూసే నోరు మెదపలేదని కూడా చెప్పాను. బావ గుండు మీద చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా, "నాయిన నాకెన్నడు అనలే," అన్నాడు.

నిజమే, అనలేదు.

మొన్న యాసంగి వడ్లు వస్తున్న రోజుల్లో నేరేడుచర్లలో దిగాల్సిన పని పడింది. ఉన్నట్టుండి మబ్బు పట్టి పెద్ద చినుకులు మొదలయ్యాయి. కొనుగోలు కేంద్రంలో రైతులు రాశుల మీద టార్పాలిన్ పట్టాలు కప్పడానికి పరుగులు పెడుతున్నారు. పట్టాలు చాలనివాళ్ళు పాత ఫ్లెక్సీలు కప్పుతున్నారు. నాయకుల మొహాలు, పుట్టినరోజులు, ప్రారంభోత్సవాలు. వాటి మధ్య ఒక రాశి మీద మామ కనపడ్డాడు. కోదాడలో దించేసిన ఫ్లెక్సీలను కట్టలుగా తెచ్చుకుంటామని, గట్టిగా ఉంటాయని ఆ రాశి రైతు చెప్పాడు. ఈయన ఎవరో అతనికి తెలియదు.

వడ్ల రాశి వాలు మీద ఆ బండి ముందు చక్రం పైకి లేచి, గట్టు ఎక్కుతున్నట్టు కనపడింది. వాన నీళ్ళు మామ నవ్వు మీంచి, అతికించిన మెడ మీంచి, ట్యాంకు మీంచి జారి కింద మట్టిలోకి పోతున్నాయి. గాలికి ఒక మూల లేచి కొట్టుకుంటుంటే రైతు అవతలి మూల పట్టుకుని నా వైపు చూశాడు. నేను పోయి ఒక రాయి ఎత్తి తెచ్చి ఆ మూల మీద పెట్టాను. ఫ్లెక్సీ కిందికి చెయ్యి పెట్టి చూశాను. వడ్లు తడవలేదు.